గడ్డం కిందికి, చెంచా చిన్నది

నర్సింగ్ స్కూల్లో చేరి, ఇంకా ఒక్క రోగిని కూడా సరిగ్గా ముట్టుకోకముందే మా గల్లీలో నాకు పెద్ద పేరు వచ్చేసింది. ఫలక్‌నుమా రైలు పట్టాలకు ఇవతల, ఇనుప బీరువాలు చేసే వర్క్‌షాపు వెనకాల మా ఇల్లు. ఇంటి వెనక బర్రెల కొట్టం. తెల్ల కోటు పేడకు తగలకుండా ఎత్తి పట్టుకుని బస్సుకు పోతుంటే, బీరువాలకు రంగు కొట్టే భాయ్ పని ఆపి మోకాలు చూపించేవాడు. "డాక్టర్ సాబ్, యే దర్ద్ క్యూం నై జారా?" అని, నొప్పి ఎందుకు పోవట్లేదో అడిగేవాడు. నేను డాక్టర్ని కాదు, నర్సింగ్ మొదటి ఏడాది విద్యార్థిని అని చెప్పాల్సింది. చెప్పలేదు. మోకాలు ఒత్తి చూసి, మొహం గంభీరంగా పెట్టి, వేడి కాపడం పెట్టుకోమన్నాను. అప్పటికి మాకు అయిన పాఠం వేడి కాపడం. తర్వాతి వారం చల్లటి కాపడం పాఠం అయింది, అదే మోకాలికి ఐసు చెప్పాను. పాపం ఆయన రెండూ పెట్టుకున్నాడు.

ఇంట్లోవాళ్ల అవస్థ ఇంకా ఘోరం. ఆసుపత్రి పద్ధతిలో దుప్పటి మూలలు మడిచి పరుపు కిందికి బిగించడం నేర్చుకున్న రోజు మా బాపు నవారు మంచాన్ని అలాగే తయారుచేశాను. మధ్యాహ్నం పాలు పోసి వచ్చి పడుకోబోతే ఆయన కాళ్లు దుప్పటి లోపలికి పోలేదు. కాసేపు కుస్తీ పట్టి, "ఏందే ఇది, మంచానికి మూట గట్టినవా?" అని దుప్పటి మీదే పడుకున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పాలు పిండుతున్న మనిషికి చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పించాను. వేళ్ల సందులు, గోళ్ల మూలలు, మణికట్టు, అన్నీ చేయించాను. ఇంట్లో ఎవరికీ జ్వరం రాకపోయేసరికి ఒక బర్రెకు కూడా జ్వరం చూశాను. ఆ థర్మామీటరు తర్వాత పారేశాను కానీ, ఎందుకు పారేశానో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

చదువులో మాత్రం నన్ను పట్టుకునేవాళ్లు లేరు. రోగికి స్నానం చేయించడం, పక్క మార్చడం, అన్నం తినిపించడం, వీటన్నిటినీ మేము ప్రొసీజర్లు అంటాం. పరీక్షలో ఏ ప్రొసీజరు రాయమన్నా మొదటి పాయింటు ఒకటే: రోగికి నమస్కారం చెప్పి, తామెవరో చెప్పి, చేయబోయే పని వివరించాలి. చివరి పాయింటు చేతులు కడుక్కుని రికార్డులో రాయడం. మధ్యలో ఏముందో గుర్తు రాకపోయినా ఈ రెండూ రాస్తే దిద్దేవాళ్లకు కాస్త జాలి వేస్తుంది. నేను మధ్యలోవి కూడా పొల్లు పోకుండా రాసేదాన్ని, అందుకే క్లాసులో ఫస్టు. మొదటి పాయింటు కోసమైతే ఆలోచించే పనే లేదు. పేపరు మీద హాల్ టికెట్ నంబరు వేసినట్టు వేసేసేదాన్ని.

ఆ వానాకాలంలో, ఇంకొన్ని రోజుల్లో వినాయక చవితి అనగా, మా నానమ్మకు పక్షవాతం వచ్చింది. పొద్దున అరుగు మీద కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుంటూ ఒక పక్కకు ఒరిగిపోయింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మూతి వంకరపోయింది, మాట ముద్దగా గొంతులోనే ఉండిపోయింది. పెద్దాసుపత్రిలో ఉంచి, గండం గడిచిందని ఇంటికి పంపారు. నాకు చాలా భయం వేసింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి ఆమె. కానీ నిజం చెప్పాలంటే, ఆ భయం వెనకాల ఒక మూల ఇంకో ఆలోచన కూడా కూర్చుంది: ఇన్నాళ్లకు నాకంటూ ఒక రోగి దొరికింది.

పంపేటప్పుడు డాక్టరు చెప్పినవన్నీ నాకు ముందే తెలుసు. నానమ్మకు మింగే కండరాలు ఒక పక్క మొద్దుబారాయి. నీళ్లు, చాయ్ లాంటి పల్చటివి ఇస్తే కడుపులోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని ఏదిచ్చినా చిక్కగా ఇవ్వాలి. నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి వంచాలి. చిన్న చెంచాతో, పని చేసే ఎడమ బుగ్గ వైపు పెట్టాలి. తిన్నాక కాసేపు పడుకోబెట్టకూడదు. మింగేటప్పుడు మాటలు వద్దు. ఆమె సరిగ్గా తినకపోతే ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేయాల్సి ఉంటుందని కూడా ఆయన చెప్పాడు. ఆయన ఒక్కో మాట అంటుంటే నేను తలూపుతూ తర్వాతి మాట అందించాను. ఆయనకు నచ్చినట్టు లేదు.

ఇంటికి రాగానే రాజ్యం నా చేతికి వచ్చింది. బర్రె పాలల్లో బియ్యపు రవ్వ ఉడికించి చిక్కటి జావ చేయించాను. మంచం తల వైపు దిండ్లు పేర్చాను. చాయ్ బంద్ చేశాను. ఇది చిన్న విషయం కాదు. మా నానమ్మ, బీరువాల భాయ్ వాళ్లమ్మ ఖాలా, ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని సాసర్లలో చాయ్ తాగుతూ గల్లీలో అందరినీ కడిగి ఆరేసేవాళ్లు. ఇప్పుడు ఖాలా చాయ్ కప్పుతో వచ్చి మంచం దగ్గర నిలబడితే, నానమ్మ కళ్లు ఆ కప్పు వెంటే తిరిగేవి. నేను అడ్డం నిలబడి, ఎందుకు ఇవ్వకూడదో ఖాలాకు వివరించాను. అమ్మకు వివరించాను. బాపుకు రెండుసార్లు వివరించాను.

బాపుకు అయినా ఎక్కలేదు. ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి నానమ్మ దగ్గుతూ, మొహం కందిపోయి, ఊపిరి అందక కొట్టుకుంటోంది. పక్కన బాపు చెంబు పట్టుకుని నిలబడ్డాడు. తల్లి పెదవులు ఎండిపోయాయని నీళ్లు పోశాడట. ఎలా పోశాడో చూపించమంటే ఎడమ చేత్తో గడ్డం పట్టి పైకెత్తి, నోటి మూల నుంచి పోయడం చూపించాడు. తినని బర్రెకు గొట్టంతో మందు పోసేది అలాగే. మా ఇంట్లో ఎవరినడిగినా అలాగే పోస్తారు. నేను ఆమెను ముందుకు వంచి వీపు నిమిరాను, కాసేపటికి దగ్గు ఆగింది.

"బర్రెనా బాపూ ఆమె? గడ్డం కిందికి, కిందికి!" అని అరిచాను.

"నాకేమెరుక బిడ్డా, దూపైతుందేమో అనుకున్న," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నా కోపం దిగిపోయింది.

ఇలా వచ్చిపోయేవాళ్లంతా ఆమె నోట్లో ఏదో ఒకటి పోస్తూ ఉంటే ఎలా అని ఆలోచించాను. చుట్టాలు రావడం ఆపలేం. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో రారు, తెచ్చింది తమ చేత్తో పెట్టకుండా పోరు. అప్పుడు నాకు పుస్తకం గుర్తొచ్చింది. రోగి కుటుంబానికి కూడా సంరక్షణ నేర్పాలి అని ఒక పాఠమే ఉంది. నేర్పేస్తే పోలా? చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో నేనే మెసేజ్ పెట్టాను: "నానమ్మను చూడాలనుకునేటోళ్లు ఆదివారం పొద్దున రాండ్రి. అందరు ఒక్కొక్క చెంచా పొయ్యాలె. లేట్ చెయ్యకుండ్రి." లేట్ చేయొద్దన్నది ఎందుకంటే జావ చల్లారిపోతుంది. ఆ ముక్క మెసేజ్‌లో రాయాలని తోచలేదు.

ఆదివారం జనం విరగబడి వచ్చారు. అంత మంది చుట్టాలు మాకున్నారని అప్పుడే తెలిసింది. నా మెసేజ్‌కు ఇంత విలువ ఉందని ఛాతీ పొంగింది. ధూల్‌పేట్‌లో వినాయకులు చేసే మామ, చవితి ముందు అన్నం తినడానికి కూడా లేవని మనిషి, మట్టి చేతులతో అలాగే ఆటో ఎక్కి వచ్చేశాడు. ఆయన్ని నేరుగా నల్లా దగ్గరికి పంపించాను, వేళ్ల సందులతో సహా కడిగించాను. మేనత్త గేటు దగ్గర నుంచే ఏడుస్తూ వచ్చింది. "ఏడ్వద్దు అత్తా, ఆమె మింగెటప్పుడు సప్పుడు జెయ్యొద్దు," అని నోటి మీద వేలు పెట్టుకుని చూపించాను.

వరసలో నిలబెట్టాను. నానమ్మను కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు కట్టాను. ఒక్కొక్కరూ మంచం దగ్గరికి రావాలి, గిన్నెలోంచి పాల జావ ఒక చెంచా తీసుకోవాలి, నేను చూపించిన కోణంలో ఎడమ బుగ్గ వైపు పెట్టాలి, ఆమె మింగాక పక్కకు తప్పుకోవాలి. ఒక్కరూ మాట్లాడలేదు. నా క్రమశిక్షణకు నేనే ముచ్చటపడ్డాను. మామ చెంచా పెట్టి వెనక్కి తిరిగి భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. మేనత్త చెంచా పెట్టి నానమ్మ కాళ్లు మొక్కింది. మేనత్త చెంచా కోణం చాలా బాగా కుదిరిందని నేను గమనించాను. కాళ్లెందుకు మొక్కిందన్నది గమనించలేదు.

చివర్లో ఖాలా వచ్చింది. దువా చదివి ఊదిన నీళ్లు చిన్న సీసాలో తెచ్చింది. పల్చటి నీళ్లు కుదరవని, జావలో కలిపితేనే ఇవ్వనిస్తానని నసుగుతూ చెప్పాను. ఆమె నవ్వి, "డాల్ బేటీ, డాల్. దువాకు పత్లా క్యా, గాఢా క్యా," అంది. కలుపుకోమని, దువాకు పల్చనా చిక్కనా పట్టింపు లేదని అన్నమాట. ఆమె కూడా ఒక చెంచా పెట్టి, స్నేహితురాలి నుదుటి మీద చేయి వేసి చాలాసేపు నిలబడింది. నానమ్మ ఆమె వంకే చూసింది. ఆ తర్వాత గదిలో నిలబడ్డ అందరినీ ఒక్కొక్కరినీ చూసింది. ఆ వరసలో ఆఖరున నన్ను చూసింది. కార్యక్రమం విజయవంతం అయిందని నేను ఆమెకు బొటనవేలు చూపించాను.

సోమవారం పొద్దున నానమ్మ నోరు మూసుకుంది.

జావ తెస్తే పళ్లు బిగించింది. చెంచా పెదవికి తాకించి చూశాను. చెంచా మార్చాను. వేడి తగ్గించాను, పెంచాను. దిండ్లు ఇంకొంచెం ఎత్తు చేశాను. నోట్లో పుండు ఉందేమోనని టార్చి లైటుతో చూడబోతే మొహం గోడకు తిప్పుకుంది. అమ్మ బతిమాలింది, బాపు బతిమాలాడు, ఖాలా వచ్చి తిట్టింది. ఆమె గుండ్రాయిలా ఉండిపోయింది. మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకుపోతే ఒక సెలైన్ ఎక్కించి, "రేపు సాయంత్రం దాకా చూడండి. అప్పటికీ తినకపోతే తీసుకురండి, గొట్టం వేద్దాం," అన్నారు.

గొట్టం వేయడం నాకు పుస్తకంలో కంఠతా వచ్చు. ముక్కు కొన నుంచి చెవి దాకా, అక్కడి నుంచి కడుపు దాకా కొలవాలి. పొలమారితే ఆపాలి. వార్డులో ఒక ముసలాయనకు వేస్తుంటే పక్కన నిలబడి చూశాను కూడా. ఆయన గొట్టం పీకేసుకుంటున్నాడని రెండు చేతులూ మంచానికి కట్టేశారు. చాయ్ సాసర్ పట్టుకునే నానమ్మ ఎడమ చేతిని మంచానికి కట్టడం ఊహించుకుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మంగళవారం స్కూల్లో మాకు ప్రాక్టికల్ టెస్టు. పోనని మొండికేస్తే అమ్మ తెల్ల కోటు నా మీదికి విసిరింది. "పో. నువ్వుంటె ఇంకింత గట్టిగ మూసుకుంటాంది నోరు," అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది, కానీ అందులో అబద్ధం లేదు.

ఆ రోజు టెస్టు ఏమిటంటే, నా ఖర్మ కాకపోతే, మంచం పట్టిన రోగికి ఆహారం తినిపించడం. మా ల్యాబులో ఉన్న బొమ్మ నోరు తెరవదు కాబట్టి మాలో ఒకరిని రోగిగా పడుకోబెడతారు. లాటరీలో నా నంబరు వచ్చింది. నాకు కుడి పక్క పక్షవాతం, మాట రాదు అని ట్యూటర్ మేడమ్ చెప్పింది. ఈ వేషం నాకంటే బాగా ఎవరు వేస్తారు? మూతి వంకర పెట్టి, చేయి వాల్చి, పడుకున్నాను.

తినిపించాల్సింది నా పక్క బెంచీ అమ్మాయి. వాళ్లది కోస్తా, నాన్నకు ఇక్కడ ఆఫీసు ఉద్యోగం, సైదాబాద్‌లో ఉంటారు. మామూలుగా ఆమె నోటికి మూత ఉండదు. ఆ రోజు భయంతో ఒక్క మాట రాలేదు. వచ్చీ రాగానే మంచం హ్యాండిల్ తిప్పేసింది, నా తల ఒక్కసారిగా పైకి లేచింది. గొంతు చుట్టూ తువ్వాలు బిగిసింది. ఎవరి చేయో నా గడ్డం పట్టి కిందికి వంచింది. పక్కనుంచి చెంచా వచ్చింది. అది క్యాంటీన్ జావ అని నాకు తెలుసు. ఆమె నా స్నేహితురాలని తెలుసు. నోరు తెరవకపోతే ఆమె మార్కులు పోతాయని కూడా తెలుసు. అయినా నా పళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి.

"ఎందుకు తెరవడం లేదు పేషెంటు?" అంది మేడమ్.

"తెలీదండీ మేడమ్. అన్నీ కరెక్టుగానే చేశానండీ," అంది ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో.

"ఏం చేయబోతున్నావో తనకు చెప్పావా?"

"తనకు తెలుసు కదండీ! క్లాసులో తనే ఫస్టు!"

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. వంకర మూతి అలాగే పెట్టుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను. నానమ్మ ఇంటికి వచ్చిన దగ్గర నుంచి అమ్మకు చెప్పాను, బాపుకు చెప్పాను, ఖాలాకు చెప్పాను, వాట్సాప్ గ్రూపు మొత్తానికి చెప్పాను. ఆమెకు మాట రాదు కాబట్టి ఆమెకు చెప్పాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ప్రతి పేపర్లో మొదటి పాయింటుగా రాసింది నేనే.

నేను ఇల్లు చేరేసరికి గేటు ముందు ఆటో ఆగి ఉంది. బాపు నానమ్మను ఎత్తుకోవడానికి తల రుమాలు బిగిస్తున్నాడు. "ఒక్క చాయ్ తాగే అంత సేపు ఆగు బాపూ," అని బతిమాలి వంటింట్లోకి పోయాను. చాయ్ కాచి, అందులో ఉస్మానియా బిస్కెట్లు వేసి, ఉండలు లేకుండా మెత్తగా చిక్కగా నలిపాను. చేతులు కడుక్కున్నాను. రోజూ నిలబడేదాన్ని, ఈసారి ఆమె కళ్లకు ఎదురుగా మంచం మీద కూర్చున్నాను. మొదటి పాయింటు ప్రకారం నేనెవరో చెప్పాలి. నోట్లోంచి నిజంగానే వచ్చేసింది: "నానమ్మా, నేను నీ మనుమరాలిని."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. బాపు, అమ్మ, గడప దగ్గర ఖాలా కూడా అలాగే చూశారు.

"నీకు ఒక దిక్కు మింగుడు మొద్దువారింది నానమ్మా. గందుకే చాయ్ ఇస్తలేను. పల్చగుంటె ఊపిరిల వోతది, నువ్వు ఆగమైతవు. గట్టిగ జేసి ఇస్తె మంచిగ కడుపులకు వోతది. గడ్డం కిందికి ఎందుకు వంచుతున్ననంటె అప్పుడు ఊపిరి దారి మూసుకుంటది. కొన్ని దినాలు గిట్ల తింటె డాక్టర్ మల్ల జూస్తడు, మల్ల సాసర్‌ల తాగొచ్చు. తినకపోతె ముక్కుల గొట్టం బెడ్తరు. ఆటో గందుకే వచ్చింది. ఇగ నువ్వే చెప్పు, తింటవా?"

నానమ్మ పెదవులు కదిలాయి. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో ముక్కా ఎడమ మూల నుంచి తోసుకుంటూ వచ్చింది.

"అందరొచ్చి... నోట్ల... పోసిండ్రు," అంది. ఊపిరి తీసుకుని, "కాళ్లు... మొక్కిండ్రు. నేను... పోత... లేను," అంది.

నాకు అప్పుడు తెలిసింది. మా ఇళ్లలో మనిషి పోయే ముందు అయినవాళ్లంతా పిలవగానే వచ్చి, ఒక్కొక్కరూ నోట్లో ఒక్కో చెంచా తులసి నీళ్లో పాలో పోస్తారు. నేను పెట్టిన మెసేజ్ అదే. మట్టి చేతులతో మామ పరుగెత్తుకొచ్చింది అందుకే, మేనత్త ఏడ్చింది అందుకే, ఖాలా దువా చదివి నీళ్లు తెచ్చింది అందుకే. తెల్ల తువ్వాలు కట్టి, అందరి నోళ్లూ మూయించి, వరసలో నిలబెట్టి, బతికున్న మా నానమ్మకు ఆఖరి చెంచాలు పోయించింది నేను. చివరికి బొటనవేలు కూడా చూపించాను. ఆమె పోదలచుకోలేదు కాబట్టి నోరు మూసుకుంది.

బాపు మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాడు. "నేను గూడ గదే అనుకున్ననే," అని ఏడ్చాడు. "ఆస్పత్రోళ్లు నీకు చెప్పిండ్రు గావచ్చు, నువ్వు మాకు చెప్తలేవు గావచ్చు అనుకున్న."

నానమ్మ ఆయన్ని చూడలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగానే ఉంది.

"నువ్వు... గూడ... అనుకున్నవా?"

"లేదు నానమ్మా," అన్నాను ఏడుస్తూ. "నాకు చెంచా తప్ప ఏం గనవడలే."

ఆమె వంకరపోయిన మూతిలో ఎడమ సగం కొంచెం కదిలింది, అది నవ్వో తిట్టో నాకు తెలియలేదు. తర్వాత చేయి వదిలి గిన్నె వైపు చూపించింది. నేను చెంచా నింపి, గడ్డం కిందికి అని చెప్పబోయేలోపే తానే వంచుకుని నోరు తెరిచింది.